గోండుల జీవనం – సంస్కృతి

ఆదిలాబాద్ అనగానే దట్టమైన టేకు వనాలు, కుంటాల జలపాతం, గోదావరీ తీరం స్ఫురిస్తాయి. ఈ ప్రకృతి సౌందర్యంతో పాటు ఆ ప్రాంతానికి విశిష్టతను చేకూర్చినది అక్కడి గోండుల సంస్కృతి. 2016లో పూర్వపు ఆదిలాబాద్ జిల్లా నాలుగు జిల్లాలుగా విడిపోయింది. ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు, జైనూరు, ఆసిఫాబాద్ పరిసరాలలోని గూడేలు నేటికీ వీరి జీవనానికి ఆలవాలంగా ఉన్నాయి.

గోండులను అడవిలో పుట్టి అడవిలోనే పెరిగిన, చరిత్ర లేని జాతిగా కొందరు భావిస్తారు. ఇది సరికాదు. మధ్య భారతంలో గోండు రాజ్యాలు శతాబ్దాల పాటు వర్ధిల్లాయి. మొగలు సేనలను ఎదిరించి 1564లో ప్రాణత్యాగం చేసిన రాణి దుర్గావతి గోండు రాజ్యాన్ని పాలించిన వీరవనిత. ఆదిలాబాద్‌కు పొరుగున ఉన్న చాందా గోండు రాజ్యం 1751లో నాగపూర్ భోంస్లేల వశమయ్యే వరకు నిలిచింది. ఆదిలాబాద్ గోండులకు రాజగోండులనే పేరు కూడా ఉంది. తమ భాషలో వారు తమను ‘కోయితూర్’ అని చెప్పుకుంటారు.

గోండుల భాష గోండీ. ఇది తెలుగు వలెనే ద్రావిడ భాషా కుటుంబానికి చెందినది. రెండు భాషలకు గల చుట్టరికం సంఖ్యావాచకాలలో స్పష్టంగా గోచరిస్తుంది. మన రెండు, మూడు, నాలుగు అనే పదాలకు గోండీలో రండ్, మూండ్, నాలుంగ్ అంటారు. గోండీలో ‘యేర్’ అంటే నీరు. తెలుగులో ‘ఏరు’ అంటే నీరు పారే వాగు. భాష దృష్ట్యా గోండులు తెలుగువారికి దగ్గరి బంధువులన్నమాట.

గోండుల సమాజం ‘సగ’ అనే విభాగాలపై ఆధారపడి ఉంది. నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల సంతతిగా వారు నాలుగు సగలుగా ఏర్పడ్డారు. మెస్రం, ఆత్రం, కుమ్ర, కనక, మడావి మొదలైన ఇంటిపేర్ల వారంతా ఏదో ఒక సగకు చెందుతారు. ఒకే సగకు చెందినవారు పరస్పరం సోదరీసోదరులు. కనుక వారి మధ్య వివాహ సంబంధాలు ఉండవు. గూడెంలో తగవులు వస్తే ‘పట్ల’ అని పిలిచే పెద్ద పదిమంది సమక్షంలో వాటిని పరిష్కరిస్తాడు.

వ్యవసాయమే గోండుల ప్రధాన వృత్తి. జొన్న వీరి సంప్రదాయ ఆహారం. జొన్నరొట్టె, గటక ఇంటింటా కనిపిస్తాయి. నేడు పత్తి సాగు బాగా విస్తరించింది. ఇప్పచెట్టు వీరికి పూజనీయమైనది. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపూలతో లడ్డూలు తయారుచేసి ఉపాధి పొందుతున్నారు. పొలాల అమావాస్య నాడు ఎద్దులను కాడి కట్టక, అలంకరించి పూజిస్తారు. కొత్త పంటను ముందుగా దేవతలకు నివేదించి, తరువాతనే తాము భుజిస్తారు.

దీపావళికి ముందు గూడేలలో దండారి సందడి మొదలవుతుంది. నెమలి ఈకల కిరీటం, భుజాన మేకతోలు, మేనికి బూడిద పూత, చేతిలో కర్రతో గుస్సాడీలు నృత్యం చేస్తారు. దీక్షలో ఉన్నన్ని రోజులు వారు స్నానం చేయరు. ఒక గూడెం బృందం మరొక గూడేనికి అతిథిగా వెళ్తుంది. ఆతిథ్యమిచ్చిన గూడెంతో బంధుత్వం బలపడుతుంది. కనుక గుస్సాడీ కేవలం వినోదం కాదు. అది భక్తితో, బాంధవ్యంతో ముడిపడిన దీక్ష. మార్లవాయి గ్రామానికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనక రాజుకు 2021లో పద్మశ్రీ పురస్కారం లభించింది. 2024లో ఆయన కన్నుమూశారు.

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య నాడు నాగోబా జాతర ప్రారంభమవుతుంది. మెస్రం వంశీయులు కాలినడకన హస్తినమడుగుకు వెళ్లి గోదావరి జలాన్ని తెచ్చి, ఆ జలంతో నాగోబాను అభిషేకిస్తారు. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుని సన్నిధిలో పరిచయం చేసే వేడుకను ‘భేటింగ్’ అంటారు. జాతర సందర్భంగా జరిగే దర్బారులో ఆదివాసులు తమ కష్టాలను అధికారులకు నేరుగా విన్నవించుకుంటారు.

ఈ దర్బారు వెనుక ఒక విషాద చరిత్ర ఉంది. నిజాం పాలనలో అడవులను రిజర్వు చేసినప్పుడు గోండులు సాగు భూములను కోల్పోయారు. జల్, జంగల్, జమీన్ కోసం పోరాడిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. తదనంతరం నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతుల అధ్యయనాన్ని మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్‌కు అప్పగించింది. ఆయన సతీసమేతంగా మార్లవాయిలో నివసించి, వారి భాషను నేర్చి, భూమి పట్టాలకు, గోండీ మాధ్యమంలో విద్యాబోధనకు కృషి చేశారు. మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం ఏర్పడింది. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో వెలువడ్డాయి. కేస్లాపూర్ దర్బారు కూడా ఆయన చొరవతో 1940 దశకంలోనే ఆరంభమయింది. 1987లో మరణించిన ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది.

గోండుల పురాణాలు ప్రధానంగా మౌఖికంగానే నిలిచాయి. వాటిని తరతరాలుగా కాపాడినవారు పర్ధాన్లు. వారి ఇంటి భాష మరాఠీయే అయినా, మూడు తీగల ‘కీక్రి’ని వాయిస్తూ గోండీలోనే వంశగాథలను గానం చేస్తారు. ఏ వంశం ఎక్కడ పుట్టింది, ఏ దేవతను కొలుస్తుంది అనే జ్ఞానమంతా ఆ పాటలలోనే ఉంది. ఆ పాటను విని గ్రహించగల శ్రోత లేకపోతే కీక్రి మూగబోతుంది. దానితో పాటు ఒక జాతి జ్ఞాపకమూ చెరిగిపోతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండీ మాట్లాడేవారు దాదాపు 29 లక్షల 84 వేల మంది. అయినా రాజ్యాంగంలోని ఎనిమిదవ షెడ్యూలులో గోండీకి స్థానం లభించలేదు. గూడెంలో గోండీ మాట్లాడే పిల్లవాడు బడిలో మరొక భాషలో అక్షరాలు దిద్దవలసి వస్తున్నది. ఇంటి భాష బడికి పనికిరాదనే భావన పసిమనసులో నాటుకుంటే, పెద్దయ్యాక అతడే తన భాషకు దూరమవుతాడు.

ఈ పరిస్థితిలో ఆశ కలిగించే విశేషం గుంజాల లిపి. నార్నూరు మండలం గుంజాల గ్రామంలో ప్రత్యేకమైన లిపిలో రాసిన గోండీ ప్రతులు వెలుగులోకి వచ్చాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు మొదలైన పరిశోధకులు, గ్రామస్థుల కృషి ఫలితంగా ఆ లిపికి గుర్తింపు వచ్చింది. 2018లో యూనికోడ్‌లో చోటు దక్కడంతో కంప్యూటర్‌లోనూ ఆ అక్షరాలను వాడుకునే వీలు కలిగింది.

లిపి లభించడం తొలి మెట్టు మాత్రమే. ఆ లిపిలో పుస్తకాలు రావాలి. వాటిని చదివే పిల్లలు ఉండాలి. గోండుల వేషభూషలను చూసి ఆనందించడంతో సరిపెట్టుకోక, వారి భాషను, చరిత్రను గౌరవించినప్పుడే వారి సంస్కృతిని అర్థం చేసుకున్నట్లవుతుంది. ఆ గౌరవం ముందుగా గోండీకి చుట్టమైన తెలుగు మాట్లాడేవారి నుండి లభించడం సముచితం.