మొక్కజొన్న మూటలతో లేచిన యూనివర్సిటీ

జాంబియాలో నేను లెక్కలు చెప్పిన బడికి ఒక ముసలి వాచ్‌మన్ ఉండేవాడు. లుసాకాలోని జాంబియా యూనివర్సిటీ మాటెత్తితే చాలు, "అందులో నా మొక్కజొన్నలూ ఉన్నాయి టీచర్" అనేవాడు. మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు.

1964 అక్టోబరు 24న స్వతంత్రం వచ్చేనాటికి దేశమంతా గాలించినా డిగ్రీ చదివిన జాంబియన్లు వందమందికి అటూ ఇటూగా తేలారు. నేల నిండా రాగి. ఆ రాగి గనులకు ఇంజినీరు కావాలన్నా, ఆసుపత్రికి డాక్టరు కావాలన్నా పైదేశం నుంచి రావలసిందే. వలస పాలకులు నల్లవాళ్ల పిల్లలకు హైస్కూళ్లే చాలినన్ని పెట్టలేదు, ఇక కాలేజీ మాటెక్కడిది!

కొత్త ప్రభుత్వం యూనివర్సిటీ కోసం జనాన్ని చందాలడిగింది. డబ్బున్నవాళ్లు డబ్బిచ్చారు. లేనివాళ్లు మొక్కజొన్నలు, కోళ్లు తెచ్చిచ్చారు. అక్కడ మొక్కజొన్న అంటే న్షిమా. మన సంకటిలాంటి ముద్ద, పూటపూటా తినేది అదే. దాన్ని చందా అనడానికి నాకు మనసొప్పదు. పిల్లల కంచంలోంచి తీసిచ్చారు.

1966లో మూడు వందల పైచిలుకు విద్యార్థులతో తరగతులు మొదలయ్యాయి. మూడేళ్లకు లామెక్ గోమా తొలి జాంబియన్ వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1970ల నడుమ రాగి ధర పడి ఖజానా చిక్కింది, చదువులూ చిక్కాయి.

ఓసారి ఆ వాచ్‌మన్‌ని ఎంత ఇచ్చావని అడిగాను. రెండు చేతులూ చాచి మూట కొలత చూపించాడు. "ఆ ఏడు వానలు బాగా పడ్డాయి" అన్నాడు.