బార్కస్ తాతలు, మనవలు

పాతబస్తీలో చాంద్రాయణగుట్ట దాటితే బార్కస్ వస్తుంది. పేరు విని అరబ్బీ మాట అనుకొనేరు! ఇంగ్లీషువారి ‘బారక్స్’ మన నోళ్లలో పడి అలా అయింది. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల విడిది అది.

వారు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి జీతానికి వచ్చినవారు. వారిలో ఉమర్ బిన్ అవద్ అనే జమేదారు 19వ శతాబ్దంలో యిక్కడ గడించిన ధనం, స్వదేశంలో కుఐతీ వంశ రాజ్యానికి పునాది అయింది. 1967 దాకా ఆ రాజ్యం నిలిచింది! సామాన్య సిపాయిలు మాత్రం చాలామంది యిక్కడే పెళ్లాడి స్థిరపడ్డారు. 1948లో హైదరాబాదు భారతదేశంలో కలిశాక కొలువులు పోయాయి. కొందరిని యెమెన్‌కు పంపించివేశారు. మిగిలినవారికి యిదే స్వదేశమైంది. యిప్పటికీ బార్కస్‌లో తెల్లవారగానే గోధుమలూ మాంసమూ కలిపి వండిన హరీస్ దొరుకుతుంది. తినేవారు మాట్లాడేది మన దక్కనీ ఉర్దూ.

తమాషా చూడండి. 1973లో చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు పుట్టాక, మనవలు తాతల దిక్కుకు ప్రయాణమయ్యారు. పేరు అరబ్బుదే, పాస్‌పోర్టు మాత్రం భారతదేశానిది! అక్కడ ఉద్యోగమిచ్చిన కఫీల్ పూచీ మీదనే నివాసం. ఎన్నేళ్లు చెమటోడ్చినా పౌరసత్వం దాదాపు కల్ల. పని పోయిందా, తిరుగు ప్రయాణమే.

పిల్లవాడు విదేశం వెళుతున్నాడంటే జీతమెంతని ముందుగా అడుగుతాం. కలకాలం ఉండనిస్తారా అని కూడా అడగవద్దూ? బార్కస్ తాతలకు ఆ భాగ్యం యిక్కడ దక్కింది.