మన ‘లో’ ఒక్కటే, ఇంగ్లీషులో మూడు

జంషెడ్‌పూర్ పక్కనున్న ఆదిత్యపూర్‌లో 1960లో రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీగా మొదలైనదే నేటి ఎన్‌ఐటీ జంషెడ్‌పూర్. ఇలాంటి సంస్థల్లో పరిశోధన చేసే తెలుగు విద్యార్థులకు ప్రయోగాలు పూర్తయ్యాక మరో పరీక్ష ఉంటుంది. అదే థీసిస్‌ను ఇంగ్లీషులో రాయడం. అందులో ఇతరుల పనిని ఉదహరించేటప్పుడు చిన్న చిన్న ప్రిపోజిషన్లే ఎక్కువగా తికమక పెడతాయి.

తెలుగులో విభక్తి ప్రత్యయం పదం చివర చేరుతుంది, ఇంగ్లీషులో ప్రిపోజిషన్ పదానికి ముందు వస్తుంది. ఈ తేడా త్వరగానే అలవాటవుతుంది. అసలు చిక్కు మన ‘లో’తో. ఇంగ్లీషులో ఇన్, ఆన్, ఎట్ చేసే పనులన్నీ అదొక్కటే చేసేస్తుంది.

సి.వి.రామన్, కె.ఎస్.కృష్ణన్ తమ ఆవిష్కరణను 1928లో ‘నేచర్’ పత్రికలో, 121వ సంపుటంలో, 501వ పేజీలో ప్రకటించారు. ఈ వాక్యంలో నాలుగు ‘లో’లున్నాయి. ఏడాదికి, పత్రికకు, సంపుటానికి ‘ఇన్’ వాడాలి. పేజీకి మాత్రం ‘ఆన్’. పొరపాటున ‘ఆన్ నేచర్’ అని రాస్తే ప్రకృతి గురించి రాశారనే అర్థం వస్తుంది! వ్యాసం ఏ అంశం మీదో చెప్పడానికే అక్కడ ‘ఆన్’ వాడతారు.

‘బై’ తర్వాత మనిషి రావాలి. ఇంజనీరింగ్ వ్యాసాల్లో ‘ప్రపోజ్డ్ బై [5]’ అని తరచూ కనిపిస్తుంది. ప్రతిపాదించింది మనిషి కదా, సంఖ్య కాదు. ‘ప్రపోజ్డ్ ఇన్ [5]’ అంటే సరిపోతుంది. మనం అలవాటుగా వాడే ‘ఏజ్ పర్’ నియమాలకు, ప్రమాణాలకు నప్పుతుంది. కాంక్రీటు నిర్మాణానికి ‘ఏజ్ పర్ ఐఎస్ 456’ అనవచ్చు. ఒక శాస్త్రవేత్త అభిప్రాయానికైతే ‘అకార్డింగ్ టు’ మేలు. బొమ్మ కింద ‘ఫ్రమ్’ అంటే ఉన్నదున్నట్టు తీసుకున్నారని, ‘అడాప్టెడ్ ఫ్రమ్’ అంటే మార్చి వాడారని అర్థం.

వీటన్నిటికన్నా బరువైనది ‘యాజ్ సైటెడ్ ఇన్’. మూల వ్యాసాన్ని తాము చదవలేదని, మరొకరి రచనలో దాని ప్రస్తావన చూశామని ఒప్పుకునే మాట ఇది. చాలామంది దీన్ని రాయరు, మూలాన్నే చదివినట్టు నేరుగా ఉదహరిస్తారు.

అలా చేస్తే ఎంత నష్టమో ఒక చిన్న ఉత్తరం చెబుతుంది. నల్లమందు జాతి నొప్పి మందుల గురించి 1980లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో అయిదు వాక్యాల ఉత్తరం ఒకటి వచ్చింది. ఆసుపత్రిలో ఉండగా ఈ మందులు తీసుకున్న 11,882 మందిలో కొత్తగా వ్యసనం పట్టినట్టు నమోదైంది నలుగురికే అన్నది దాని సారాంశం. 2017లో పరిశోధకులు లెక్క తీస్తే, ఆ ఉత్తరాన్ని 608 రచనలు ఉదహరించాయని తేలింది. వాటిలో నూటికి 80కి పైగా, ఆ రోగులు ‘ఆసుపత్రిలో’ ఉన్నవారన్న మాటే చెప్పలేదు. ఇంటికి తీసుకెళ్లి నెలల తరబడి వాడినా ఈ మందులతో ముప్పు లేదన్న నమ్మకం బలపడటానికి అదీ ఒక కారణమైంది. ఈ ఉత్తరాన్ని విమర్శనాత్మకంగా చూడకుండా విపరీతంగా ఉదహరించారని పాఠకులను హెచ్చరిస్తూ, ఆ పత్రిక తన వెబ్‌సైట్‌లో దానికి ఒక గమనిక జోడించింది.