మెరుపు వెనుక తుంపర

సైకిలు హ్యాండిలు తళతళ మెరుస్తుంది. కుళాయి వెండిలా మెరుస్తుంది. ఈ మెరుపు ఇనుముది కాదు, ఇత్తడిది కాదు. పైన వేసిన క్రోమియం పూతది. ఈ పూత పనిని ప్లేటింగ్ అంటారు. హైదరాబాదులోని బాలానగర్ వంటి చోట్ల చిన్న చిన్న షెడ్లలో ఈ పని చేస్తారు.

పూత ఎలా పడుతుంది?

తొట్టిలో క్రోమిక్ ఆమ్లం కలిపిన నీళ్లుంటాయి. వస్తువును అందులో వేలాడదీసి కరెంటు పంపుతారు. క్రోమియం వస్తువుకు అంటుకుంటుంది. అయితే కరెంటులో చాలా భాగం పూతకు ఉపయోగపడదు. హైడ్రోజన్ బుడగలు పుట్టడానికే పోతుంది. బుడగలు పైకొచ్చి చిట్లుతాయి. ఉడికే పులుసు చిందినట్టు ఆమ్లం సన్నని తుంపరగా గాలిలోకి లేస్తుంది.

ఆ తుంపర పీలిస్తే ముక్కులో పుండ్లు పడతాయి. ముక్కు మధ్య గోడకు చిల్లు కూడా పడవచ్చు. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు కాన్సర్ రావచ్చు.

చట్టం ఏమంటోంది?

నీటి కోసం 1974లో, గాలి కోసం 1981లో చట్టాలు వచ్చాయి. షెడ్డు కట్టే ముందు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలి. పని మొదలుపెట్టే ముందు మరో అనుమతి తీసుకోవాలి. ఏది ఎంతకు మించరాదో ఆ కాగితంలో రాసి ఉంటుంది. బయటికి వదిలే నీటిలో విషపు క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. అంటే 10,000 లీటర్లలో ఒక్క గ్రాము!

పరీక్ష ఎలా చేస్తారు?

తొట్టి అంచున గాలిని లాగే గొట్టం ఉండాలి. ఆ గాలిని నీటితో కడిగే స్క్రబ్బరు ఉండాలి. కడిగిన గాలి పొగగొట్టంలోంచి పోతుంది. గొట్టానికి ఒక రంధ్రం, పక్కన నిలబడేందుకు మెట్టు ఉంచాలి. నమూనా అక్కడే తీస్తారు.

మండలి అధికారి ముందు నోటీసు ఇస్తారు. యజమాని లేదా ఆయన మనిషి ఎదుటే నమూనా తీస్తారు. సీలు వేస్తారు. ఇద్దరూ సంతకం చేస్తారు. తరువాత ప్రయోగశాలకు పంపుతారు. లెక్క తప్పితే మండలి షెడ్డు మూయించగలదు, కరెంటు తీయించగలదు.

కొందరు పరీక్ష రోజున కరెంటు తగ్గిస్తారు. తొట్టిలో సగం సరుకే వేస్తారు. అప్పుడు కాగితం బాగుంటుంది. కాని పనివాడి ముక్కు బాగుపడదు. రోజూ ఎలా పని జరుగుతుందో అలా జరుగుతున్నప్పుడే పరీక్ష చేయాలి.

మీరు గాని, మీ ఇంట్లోవాళ్లు గాని ఈ పనిలో ఉన్నారా? అయితే ఇవి చూడండి:

గాలి లాగే ఫ్యాను తిరుగుతోందా?
స్క్రబ్బరులో నీళ్లున్నాయా?
చేతులకు రబ్బరు తొడుగులు ఇచ్చారా?
పోయిన పరీక్షలో ఏమి వచ్చింది?

ఇప్పుడు మీకు చదవడం వచ్చు. ఆ కాగితం అడిగి చదవండి.