ఎత్తిపోతల కోన

కనుమనాడు కాకియైనను కదలదందురు. అందుచేత సంక్రాంతి సెలవులలో ఆ దినమును, మరునాటి ముక్కనుమను ఇంటనే గడపి, మూడవనాడు గురువారము తెల్లవారుజామున గురజాల నుండి బయలుదేరితిమి. మేము, మావారు, పిల్లలిద్దరు, డెబ్బదియారేండ్ల మా అత్తగారు. మావారు బడిపంతులు, సెలవు లేనిదే ఆయనకు ఊరు దాటుట యుండదు. మాకన్ననో సెలవులలోనే పని యెక్కువ. పల్నాటిలో పదునాలుగేండ్లు కాపురము చేసియు ఎత్తిపోతలను చూడలేదని చెప్పుకొనుటకు సిగ్గుపడుచుంటిమి. సోదరీమణులారా, మీలో ననేకులకు నిట్టి సిగ్గు ఒకటి యుండకపోదు. చేరువనున్నదానిని ఎప్పుడైనను చూడవచ్చునను ధైర్యమే చూడనీయక పోవుచుండును.

వంట విషయమున ముందే యొక నిర్ణయము చేసికొంటిమి. పులిహోర, దద్ధ్యోదనము, రెండు సీసాల మంచినీళ్ళు, అంతకుమించి వలదని. ఐదారు రకములు చేసి గంపకెత్తుకొని పోయినయెడల, మగవారును పిల్లలును జలపాతమును జూచుచుండగా మనము గిన్నెలకు కోతులు రాకుండ కావలి కాయవలసి వచ్చును. మేము చూచిన కోతులు మిక్కిలి చురుకైనవి గూడ.

రెంటచింతల మీదుగా మాచర్ల చేరు త్రోవలో ఇరువైపుల రాతినేల. పొరలు పొరలుగా నుండు నాపరాయి ఈ సీమకు సిరియు, శాపమును. ఇండ్ల గోడలు, నేలలు, పెరటి దడులు గూడ దానితోనే. శ్రీనాథుని పేర వాడుకలోనున్న చాటువులలో పల్నాటి జొన్నకూడును, నీటి కరవును ఆక్షేపించినవి కలవు. మహాకవి భోజనప్రియుడు, ఆయన ఫిర్యాదు ఆయనది. కాని ఆయన పేరనే పల్నాటి వీరచరిత్రము గూడ నిలిచియున్నది గదా. ఈ రాతి మీదనే మాచర్ల, గురజాలలు రెండు రాజధానులై, సవతి అన్నదమ్ములు కారెంపూడిలో కత్తులు దూసికొనిరి.

మాచర్లలో చెన్నకేశవస్వామి గుడి చెంతను పారునది చంద్రవంక. ఊరిలో చూచిన వారికి అది సామాన్యమైన వాగు. ఇదే కొన్ని మైళ్ళు పోయి నదియై దుముకునని మా పిల్లలు నమ్మలేదు. నక్కలవాగు, తుమ్మలవాగు అను మరి రెండు వాగులు వచ్చి కలియగా, ఈ మూటి నీరు ఎత్తిపోతల యొద్ద రాతి అంచు నుండి సుమారు 70 అడుగుల లోతునకు పడి, లోయలో సుమారు 3 కిలోమీటర్లు పారి కృష్ణలో కలియును. మాచర్ల నుండి నాగార్జునసాగరమునకు పోవు బస్సెక్కి దారిలో దిగవలెను. అచ్చటికి సాగరపు ఆనకట్ట 11 కిలోమీటర్లు.

పేరును గురించి రెండు మాటలు. యతులు తపస్సు చేసిన స్థలము గనుక ‘యతి తపస్థలము’, అదియే నోళ్ళ నలిగి ఎత్తిపోతల యైనదని పెద్దలు చెప్పుదురు. మావారును ఆ పక్షమే. మాకు మాత్రము తెలుగుమాటను సంస్కృతమున వెదకుట అనవసరమనిపించును. ఎత్తుననుండి పోత, బిందె నెత్తి పోసినట్లు పడు నీరు. నూతి కడ నిలుచు ఏ యిల్లాలికైనను ఈ పేరు విడమరచి చెప్పనక్కరలేదు. ఈ కాలమున పల్లపునీటిని యంత్రములతో మెరక పొలములకు తోడు ఏర్పాటునకు గూడ ఎత్తిపోతలయని పేరు పెట్టిరి. అందు నీరు పైకి పోవును, ఇందు క్రిందికి వచ్చును.

జలపాతమును చూచుటకై పర్యాటకశాఖవారు లోయకు ఈవలి ఒడ్డున, ఎదురుగా, కంచె కట్టిన చూపుతావు నొకదానిని ఏర్పరచిరి. అచ్చటికి పోవువరకు చెట్లే గాని నీరు కానరాదు. ముందు శబ్దము వినవచ్చును. పిమ్మట నేల యొక్కసారిగా తెగిపోయినట్లై, కన్నుల యెదుట అర్ధచంద్రాకారపు రాతిగోడ, దానిపైనుండి పాయలు పాయలుగా తెల్లని నీరు, అడుగున పచ్చని మడుగు. కొన్ని పాయలు తిన్నగా దుముకును. కొన్ని రాతిమెట్ల మీద తడబడుచు దిగును. గాలి మళ్ళినప్పుడు తుంపర మా ముఖముల వరకు రాలేదు గాని చల్లదనము వచ్చినది. వానకాలపు వరదలో నీరు ఎఱ్ఱనై, పాయలన్నియు నేకమై పడునట. ఆగస్టు మొదలు డిసెంబరు వరకు చూచుట మేలని తెలిసినవారు చెప్పిరి.

ఇచ్చట నొక సంగతి జరిగినది. మా చిన్నవాడు కంచె కడ్డీల నడుమ తలదూర్చి, క్రమముగా భుజములను గూడ దూర్చుచుండెను. మేము ఆ సమయమున నీటి సౌందర్యమును వర్ణించుకొనుచుంటిమి. వెనుకనుండి ఒక లంబాడీ ముసలామె వాని చొక్కా పట్టి యీడ్చి, “నీళ్ళు ఎక్కడికీ పోవు, నీవు పోతావు” అని మందలించెను. వాడు ఏడ్చెను. మాకు మాట రాలేదు. కంచె దాటి బండలమీద నిలిచి చేతిఫోనులతో తమ చిత్రములను తీసికొనుచున్న యువకులను మేము అంతకుముందే నిందించియుంటిమి. మా బిడ్డ మాత్రము మా కంటబడలేదు. పిల్లలతో పోవు తల్లులు ముందు వారి చేయి పట్టుకొని, తరువాత జలపాతమును చూడవలెనని మనవి.

ఆ ముసలామె గుడికి పోవుచుండెను. లోయలో దత్తాత్రేయస్వామికిని, మధుమతీదేవికిని గుడి కలదు. లంబాడీలకు ఇది ముఖ్యమైన క్షేత్రము. మెట్లు దిగవలెను. మావారు అత్తగారి మోకాళ్ళను తలచి, “అమ్మా, నీవిక్కడ నీడన కూర్చుండుము, మేము పోయి వత్తుము” అనిరి. ఆమె వినలేదు. “నా ఏడేండ్ల వయసులో దిగాను. అప్పుడు మెట్లు లేవు” అని ఒక చేయి మా భుజముమీదను, ఒక చేయి ఆ లంబాడీ ఆమె భుజముమీదను వేసి దిగనారంభించెను. ఏడేండ్ల వయసున ఆమె ఇచ్చటికి వచ్చినదని మేమప్పుడే వింటిమి. పదునాలుగేండ్లుగా ఒక వంటయింటిలో నుంటిమి, ఒక్కసారియు అడుగలేదు.

పైనుండి చూచిన జలపాతము వేరు, క్రిందనుండి చూచినది వేరు. పైన అది బొమ్మ. కన్నులు మాత్రమే చూచును. క్రింద దాని మ్రోత ఛాతీలో తగులును, తడియాకు వాసన ముక్కునకు వచ్చును. మడుగులో దిగుట తగదు. మొసళ్ళు గల మడుగు. అటవీశాఖవారు ఇచ్చట మొసళ్ళను పెంచిరి. మేము చూచుచుండగా బండపై నొకటి చాలసేపు కదలక పడియుండి, కొయ్యదుంగ యని మా పెద్దది తీర్పు చెప్పిన వెంటనే నీటిలోనికి జారిపోయెను.

దర్శనమైన పిమ్మట ముసలమ్మలిద్దరు చెట్టుక్రింద కూర్చుండిరి. మా అత్తగారు ఆమెను “వదినా” యని పిలుచుట మాకు వినవచ్చినది. పులిహోర పొట్లము వారి నడుమనుండెను.

“మా చిన్నప్పుడు పండగ దాటితే ఇక్కడ దారమంత ధార” అని అత్తగారు. “వేసవిలో అది కూడా లేదు. బండలు మాడేవి. ఇప్పుడిన్ని నీళ్ళెక్కడివి వదినా?”

“అవి వాగు నీళ్ళు కావు. సాగరు కాలువ నుంచి వదులుతారు, చూడవచ్చేవాళ్ళ కోసం” అని ఆమె.

అది నిజమే. వాగులు సన్నగిల్లిన దినములలో జలపాతము ఎండిపోకుండ సాగరపు కుడికాలువ నుండి నీరు విడుచుట కలదు. మావారు ఆ సంగతిని పిల్లలకు వివరింపబోయిరి గాని అత్తగారి ముఖమును చూచి ఆగిరి. ఆమె నీటి వంక చాలసేపు చూచి, “అయితే ఇవి మా ఊరి మీది నీళ్ళు” అనెను.

చదువరులకు ఇచ్చట కొంత చెప్పవలెను. ఇప్పుడు సాగరజలాశయము నిండియున్నచోట మునుపొక కోన యుండెడిది. చుట్టును నల్లమల కొండలు, ఒకవైపు కృష్ణ, నడుమ పుల్లరెడ్డిగూడెము వంటి పల్లెలు. ఆ నేల క్రింద మూడు, నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులేలిన విజయపురి యుండినదని 1926లో బయటపడెను. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. నీరు నిండులోపల ఆ నగరమును త్రవ్వి చూడవలెనని 1954 మొదలు 1960 వరకు పురావస్తు శాఖవారు కోనయంతయు త్రవ్విరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. నాగార్జునకొండ శిఖరము ద్వీపమై మిగిలినది. మ్యూజియమును, కోననుండి తరలించి తిరిగి కట్టిన కొన్ని కట్టడములును దానిమీదనున్నవి. మరికొన్ని ఒడ్డున అనుపులో నున్నవి. పల్లెలు మాత్రము ఎక్కడను తిరిగి కట్టబడలేదు. జనులు తలకొక దిక్కున పోయిరి.

అత్తగారి పుట్టినిల్లు ఆ పల్లెలలో నొకటి. ఇది మాకు తెలిసినదే గాని ఆమె నోట విన్నది కాదు. సాగరమునకు పోవుదమని ఎవరేమన్నను ఆమె ఏదో యొక పని చెప్పి ఇంట నిలుచుచుండెను. ఆనాడు చెట్టుక్రింద చెప్పినది. వాళ్ళమ్మ ఆ త్రవ్వకములలో తట్టలతో మట్టి మోసెను. సాయంకాలము ఇంటికి వచ్చి, “ఈ రోజు రాణి బొమ్మ బయటపడింది, చెవులకు ఎంత కమ్మలో” అని చెప్పెడిదట. ఊరు విడుచునాడు ఇంటి గడప పీకి బండిలో వేసికొనిరట. ఆ గడప కర్ర చాలకాలము పశువుల కొట్టములో నుండి, ఎప్పుడో పొయ్యిలోనికి పోయినదట. “తెలియక పెట్టారు. ఎవరిని అనను?” అనెను.

ఆ కోనను గురించి స్త్రీలకు తెలియవలసిన సంగతి మరొకటి కలదు. అచ్చటి మహాచైత్యమునకు పోషకురాలు చాంతిసిరి. ఆమె చాంతమూల మహారాజునకు సోదరి. మేనల్లుడు వీరపురుషదత్తునకు పిల్లనిచ్చిన అత్తగారు. ఆమె దానము వీరపురుషదత్తుని ఆరవ పాలన సంవత్సరమునాటి శాసనములలో స్తంభములపై చెక్కబడి యున్నది. రాజులు యజ్ఞములు చేసిరి. బౌద్ధ కట్టడములకు ధనమిచ్చినవారిలో రాణులును, రాజబంధువులైన స్త్రీలును ముఖ్యులు. బోధిసిరి యను ఉపాసిక రాజకుటుంబము పిల్ల కాదు. ఐనను ఆమె కట్టించిన చైత్యగృహమును, చేసిన యితర దానములును శాసనమున వరుసగా చెప్పబడినవి. పదునేడు వందల యేండ్ల క్రిందటి ఆడువారి పేర్లు రాతిమీద నుండుటచేత మనకు తెలిసినవి. ఆ రాతిని వెలికితీయుటకు మట్టి మోసిన మా అత్తగారి తల్లి పేరు ఏ రాతిమీదను లేదు. ఆమె పేరు మా పెద్దదానికి పెట్టితిమి. ఏల పెట్టితిమో అది ఆనాటివరకు ఎరుగదు.

ఆనకట్టను నిందించుట మా తాత్పర్యము కాదు. ఆ కుడికాలువ నీటితోనే పల్నాటి పొలములు కొన్ని జొన్న నుండి వరికి, మిరపకు తిరిగినవి. మేము తిను అన్నమును ఆ నీటిదే. శ్రీనాథుని ఫిర్యాదులలో సగము తీరినది. అత్తగారు గూడ నిందింపలేదు. లేచి, గుడి కడ కొళాయి నీటితో నిండియున్న సీసాను పారబోసి, ఒడ్డున ప్రక్కగా పారు సన్నపాయలో ముంచి నింపి, మూత బిగించి సంచిలో పెట్టుకొనెను. త్రాగుటకా యని చిన్నవాడు అడుగగా, “కాదురా, ఊరికే” అనెను.

ఎక్కుట దిగుటవలె కాలేదు. నాలుగుచోట్ల కూర్చుండవలసి వచ్చెను. పెద్దవారిని తీసికొనిపోవువారు ఉదయము తొమ్మిది గంటలలోపల దిగి, ఎండ ముదురకముందే పైకి వచ్చుట మంచిది. చేతికఱ్ఱ యొకటి తప్పక యుండవలెను. జారు చెప్పులు పనికిరావు. పైకి చేరునప్పటికి రెండు గంటలు దాటినది. లంబాడీ ముసలామె తన తండా త్రోవను బట్టి పోవుచు, అత్తగారి కొంగున రెండు రేగుపండ్లు పోసి పోయెను. ఆమె పేరు అడుగుట మరచితిమి.

మరల చూపుతావు కడ నిలిచితిమి. ఎండ పడమటికి మరలగా నీటి తెలుపున కొంత పసుపు చేరినది. లోయ మలుపు తిరిగి చెట్లలో మాయమగుచోటును అత్తగారు వ్రేలితో చూపి, అటు పోయినచో కృష్ణ, కృష్ణ వెంట ఎగువకు పోయినచో తమ ఊరు అని పిల్లలకు చెప్పెను. పిల్లలు చూచిరి. అక్కడ చెట్లు తప్ప మరేమియు కానరాదు.

బస్సు కొరకు రోడ్డుమీద నిలిచియుండగా ఆమె మావారిని, “ఆ కొండకు పడవ ఎన్నింటికిరా?” అని అడిగెను. రేపు శుక్రవారము, మ్యూజియము మూసియుండునని మావారు చెప్పిరి.

“అయితే శనివారం” అనెను. “బడి సోమవారం గదా.”