కార్డు ముక్క వెనుకవైపు

రాజధాని నుంచి వారం వారం వచ్చే ఈ లేఖలో పార్లమెంటు ముచ్చట్లో, మన రాష్ట్రాల మంత్రుల రాకపోకలో ఉంటాయని పాఠకులు ఎదురుచూడడం సహజం. ఈ వారం మాత్రం వారిని పార్లమెంటు వీధికి కాక, దక్షిణ ఢిల్లీలో ఐఐటీ ఆవరణ పక్కనే ఉన్న జియా సరాయ్ అనే ఇరుకు సందుల ఊరికి తీసుకుపోదలిచాను. అలాగని రాజకీయాన్ని వదిలిపెట్టి పోవడం లేదని ముందే మనవి చేస్తున్నాను.

సరాయ్ అంటే బాటసారుల సత్రం. ఈ ప్రాంతంలో ఎటు చూసినా సరాయ్‌లే: బేర్ సరాయ్, కట్వారియా సరాయ్, కాలూ సరాయ్. పాతకాలపు బాటసారులు పోయినా పేరు సార్థకంగానే ఉన్నది. దేశం నలుమూలల నుంచి వచ్చిన పోటీ పరీక్షల అభ్యర్థులు ఇప్పుడిక్కడ బస చేస్తున్నారు. శిక్షణ కేంద్రాలు, జిరాక్సు దుకాణాలు, గాలి చొరని గదులు. మెట్ల మీద తెలుగు మాట చెవిన పడడం వింతేమీ కాదు.

అటువంటి మేడ ఒకదానిలో, మూడో అంతస్తు గదిలో, గోదావరి జిల్లా నుంచి వచ్చి కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమించిన పెద్దమనిషి ఒకరు ఉంటున్నారు. ఆయనకున్న ఒకే ఒక వ్యసనం పాత బొమ్మల కార్డులు. మంచం కింది ట్రంకు పెట్టెలోంచి ఆల్బములు తీసి నా ముందు పరిచారు.

పోస్టుకార్డు పుట్టినది 1869 అక్టోబరు 1న, ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో. మన దేశానికి 1879 జులైలో వచ్చింది. వెల పావు అణా. బీదవాడికి కూడా అందుబాటులోకి వచ్చినది గనుకనే మన భాషలో అది కార్డు ముక్క అయింది. బొమ్మ కార్డుల రాజ్యం దాదాపు ఇరవయ్యో శతాబ్దంతో పాటు మొదలై, మొదటి ప్రపంచ యుద్ధం దాకా దేదీప్యమానంగా సాగింది. ఢిల్లీలో మీర్జా అండ్ సన్స్, మద్రాసులో హిగ్గిన్‌బాథమ్స్, వీలే అండ్ క్లైన్, లండన్‌లో రాఫెల్ టక్ ఈ వ్యాపారంలో పేరు పొందినవారు. రవివర్మ ముద్రణాలయం దేవతలను కార్డుల మీదికి దింపింది. చిత్రకారుడు ధురంధర్ బొంబాయి జనాన్ని చమత్కారంగా గీశాడు. విచిత్రమేమంటే ఇంగ్లీషు దొరతనపు వైభవాన్ని చాటే కార్డులు చాలా భాగం అచ్చయినది జర్మనీలో. 1914లో యుద్ధం వచ్చేసరికి ఆ సరఫరా కాస్తా ఆగిపోయింది.

కార్డు వయస్సు చెప్పడం ఎలాగో పెద్దాయన నేర్పారు. తొలినాటి కార్డుకు ఒకవైపు చిరునామాకే కేటాయింపు. కబురు చెప్పదలచినవాడు బొమ్మ అంచున మిగిలిన తెల్లటి జాగాలో ఇరికించి రాయవలసిందే. 1902లో బ్రిటన్ చిరునామా వైపు మధ్యన గీత గీసి, సగం ఉత్తరానికి వదిలింది. తక్కిన దేశాలు దానిని అనుసరించాయి. కనుక గీత లేని కార్డు సాధారణంగా పాతది. స్టాంపు మీద విక్టోరియా ఉన్నదా, ఎడ్వర్డా, అయిదవ జార్జా అన్నది రెండో సాక్ష్యం. తపాలా ముద్ర మూడోది. "తారీఖు కోసం బొమ్మను నమ్మకండి బాబూ. ఒకే బొమ్మను ఏళ్ల తరబడి వేసి అమ్మేవారు" అన్నారాయన.

ఆల్బములో ఢిల్లీ దర్బారుల కార్డులున్నాయి. 1903లో కర్జన్ ఏనుగుల ఊరేగింపు, 1911లో అయిదవ జార్జి పట్టాభిషేక దర్బారు. రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుతుందని 1911 డిసెంబరు 12న ఆ దర్బారులోనే ప్రకటించారు. ఈ తేదీ జియా సరాయ్‌లో పరీక్షకు చదివే ప్రతి కుర్రవాడికీ కంఠోపాఠం. మూడు రోజులకు రాజు వేసిన పునాదిరాయి ఒకచోట ఉండగా, నగరం మరొకచోట రైసీనా గుట్ట మీద లేచింది. అందుకోసం రైసీనా, మాల్చా గ్రామాల రైతుల భూములు పోయాయి. రాజధాని కట్టడమంటే ఎవరి పొలమో పోవడమేనన్నది తెలుగు పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. రాజు బొమ్మలు, ఏనుగుల బొమ్మలు, డేరాల బొమ్మలు ఎన్నో చూపించిన పెద్దాయన, రైసీనా రైతు బొమ్మ ఉన్న కార్డు మాత్రం ఇంతవరకు తన కంటపడలేదన్నారు. పక్కనే ఉన్న ఐఐటీకి కూడా 1959లో శంకుస్థాపన చేసినది ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్. శంకుస్థాపనలకు ఛాయాచిత్రాల కొరత ఎన్నడూ ఉండదు.

అలాగని కార్డుల మీద సామాన్యులు లేరని కాదు. చాకలి, మంగలి, నీళ్ల తిత్తి మోసేవాడు, పాములవాడు, నాట్యకత్తె అందరూ ఉన్నారు. కింద వృత్తి పేరో కులం పేరో ఉంటుంది. మనిషి పేరు ఉండదు. రాజుకు పేరు, కోటకు పేరు, ఏనుగు ఎక్కినవాడికి పేరు. నీళ్లు మోసేవాడు మాత్రం ఒక 'రకం'. పరిపాలకుడి కంటితో దేశాన్ని చూడడమంటే ఏమిటో దీనికన్నా సూటిగా ఏ గ్రంథమూ చెప్పలేదనిపించింది.

మన ఇళ్లకూ కార్డులు వచ్చేవి. వాటిని చదివి, ఇనుప తీగకు గుచ్చి, దూలానికి వేలాడదీసేవారు. చావు కబురు తెచ్చిన కార్డును చదివిన వెంటనే చింపి పారేసేవారు. తీగ నిండిపోతే పాతవి పొయ్యిలోకి పోయేవి. దొరసానుల కార్డులు ఆల్బముల్లో భద్రంగా సముద్రం దాటాయి. మన కార్డులు బూడిద అయ్యాయి. చరిత్రలో ఒకవైపు మాటలే మిగలడానికి ఇటువంటి చిన్న కారణాలు కూడా ఉంటాయి.

చివరగా పెద్దాయన వేరే కవరులో దాచిన కార్డు తీశారు. ముందువైపు మద్రాసు హైకోర్టు. అప్పట్లో మన సర్కారు జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే కదా. వెనుకవైపు అయిదవ జార్జి స్టాంపు, 1926 నాటి తపాలా ముద్ర, వంకర టింకర తెలుగు అక్షరాలు. మద్రాసులో చదువుకొనే విద్యార్థి ఊళ్లోని తండ్రికి రాసినది: తమ ఆశీర్వచనమువలన క్షేమము, పరీక్ష రుసుము నిమిత్తము పది రూపాయలు పంప ప్రార్థన, వెనుకనున్న బొమ్మను చెల్లాయి కీయవలెను.

ఆ చెల్లాయి దాచుకున్నది గనుకనే, తీగకూ పొయ్యికీ చిక్కకుండా, ఎన్ని చేతులు మారిందో గాని, అది దర్యాగంజ్ ఆదివారం అంగడికి చేరింది. ఆ అంగడిని 2019లో కాలిబాట నుంచి మహిళా హాట్‌కు తరలించారు. అంతకు ముందే పెద్దాయన దానిని కొన్నారు. "రాతతో పాడైపోయిందని ధర తగ్గించి ఇచ్చాడండీ" అన్నారు నవ్వుతూ. కొనేవారికి కావలసినది బొమ్మ. ఆయనకు కావలసినది పాడుచేసిన ఆ నాలుగు పంక్తులు.

ఈ కార్డుల విలువను లోకం గుర్తించకపోలేదు. 2018లో ఒమర్ ఖాన్ వలస పాలననాటి భారతీయ కార్డుల మీద 'పేపర్ జ్యువెల్స్' అనే పెద్ద గ్రంథం ప్రచురించాడు. అదే ఏడాది లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన సోయస్ సంస్థలో మద్రాసు, బెంగుళూరు కార్డుల ప్రదర్శన జరిగింది. ఢిల్లీలో అయితే హౌజ్ ఖాస్ దుకాణాల్లో అవి అలంకరణ వస్తువులు.

పెద్దాయన వచ్చే నెలలో గది ఖాళీ చేసి, కుమారుడి దగ్గరకు విశాఖపట్నం పోతున్నారు. అక్కడి ఇంట్లో ఈ ట్రంకు పెట్టెకు చోటు లేదట. ఏదైనా గ్రంథాలయం తీసుకుంటుందేమోనని రెండు ఉత్తరాలు రాశారు. జవాబు లేదు. "మీకు తెలిసినవారెవరైనా ఉన్నారా?" అని నన్ను అడిగారు. విచారించి చెబుతానన్నాను. పత్రికా రచయితలు సాధారణంగా ఇచ్చే జవాబే అది. ఈసారి మాత్రం నిలబెట్టుకోవాలని ఉన్నది.

పాఠకులకు ఒక్క విన్నపం. మీ అటక మీద పాత కార్డులుంటే పాత కాగితాలవాడికి తూకానికి వేయకండి. పిల్లలు స్టాంపుల కోసం నీళ్లలో నానబెట్టి ఊడదీస్తే, దానితో పాటు తపాలా ముద్రా తేదీ పోతాయి. తడి తగలకుండా, మడత పెట్టకుండా ఉంచండి. బొమ్మ లేదని చిన్నచూపు చూడకండి.

మెట్లు దిగి వస్తుండగా రెండో అంతస్తులో ఒక కుర్రవాడు గోడకు ఆనుకొని ఫోనులో మాట్లాడుతున్నాడు. "నాన్నా, పదో తారీఖులోగా ఫీజు కట్టాలి, చెల్లి ఎలా ఉంది?" అంటున్నాడు. నన్ను చూసి గొంతు తగ్గించాడు. సందులోకి వచ్చేసరికి దీపాలు వెలిగాయి. వచ్చే వారం మళ్లీ పార్లమెంటు వీధిలో కలుసుకుందాం.