పాత డీజిల్ జీపుకు టర్బో: అమర్చే ముందు తేల్చుకోవలసిన విషయాలు

మట్టిబాటలు, వాగులు, కొండదారులు ఉన్న ప్రాంతాలలో ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ జీపు అనేక కుటుంబాలకు జీవనాధారం. పంటను సంతకు చేర్చడానికైనా, తోటలకు ఎరువులు మోయడానికైనా, వానకాలంలో రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవడానికైనా దానిమీదనే ఆధారపడే ఊళ్ళు ఉన్నాయి. 1980, 1990 దశకాలలో వచ్చిన మహీంద్రా ఎం.ఎం. 540 వంటి జీపులలో ప్యూజో లైసెన్సుతో తయారైన 2,112 ఘన సెంటీమీటర్ల డీజిల్ ఇంజను ఉండేది. అది టర్బో లేని ఇంజను. దాని శక్తి సుమారు 60 అశ్వశక్తి మాత్రమే. అటువంటి పాత వాహనాలను కొని నడుపుతున్నవారు ఎత్తు ఎక్కేటప్పుడు బండి నీరసిస్తున్నదని, బయటి వర్క్‌షాపులో టర్బో వేయిస్తే ఆ లోటు తీరుతుందని భావిస్తుంటారు. వాహనం మీద ఋణం ఉన్నవారు, దానిని హామీగా ఉంచి ఋణం కోరేవారు ఈ నిర్ణయానికి ముందు తెలిసికొనవలసిన సంగతులను ఇక్కడ వివరిస్తున్నాము.

టర్బో చేసే పని

డీజిల్ మండడానికి గాలి కావాలి. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండడానికి సిద్ధాంతరీత్యా సుమారు 14.5 కిలోల గాలి అవసరం. ఆచరణలో పొగ రాకుండా ఉండాలంటే 18 కిలోలు లేక అంతకు మించి అందాలి. టర్బో లేని ఇంజను పిస్టన్ కిందికి దిగినప్పుడు పీల్చుకొన్న గాలితోనే సరిపెట్టుకొంటుంది. అందువలన అది మండించగల డీజిల్‌కు ఒక హద్దు ఉంటుంది.

టర్బోలో ఒకే ఇరుసుకు రెండు చివరల రెండు చక్రాలు ఉంటాయి. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. దానితోపాటు తిరిగే రెండవ చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోనికి పంపుతుంది. ఈ ఇరుసు నిమిషానికి లక్షకు మించిన చుట్లు తిరుగుతుంది. స్విట్జర్లాండుకు చెందిన ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూఖీ 1905లోనే ఈ విధానానికి పేటెంటు పొందాడు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా గ్రహించాలి. టర్బో తనంతట తాను శక్తిని పుట్టించదు. అది గాలిని మాత్రమే అందిస్తుంది. శక్తి పెరగాలంటే పంపు ద్వారా అదనపు డీజిల్ కూడా పోయాలి. అదనపు డీజిల్ అంటే అదనపు వేడి, అదనపు ఒత్తిడి. ఈ రెండింటిని తట్టుకొనే శక్తి ఆ ఇంజనుకు ఉన్నదా అన్నదే అసలు ప్రశ్న.

గాలి లెక్క

గాలిని ఒత్తితే అది వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలుచబడుతుంది. 35 డిగ్రీల ఎండలో గాలి పీడనాన్ని ఒకటిన్నర రెట్లకు పెంచామనుకొందాం. కంప్రెసర్ సామర్థ్యం 65 శాతంగా తీసికొంటే బయటికి వచ్చే గాలి ఉష్ణోగ్రత 90 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు బరువు లెక్కన ఇంజనుకు అందే గాలి ఒకటిన్నర రెట్లు కాదు, సుమారు 1.26 రెట్లు మాత్రమే. ఆ గాలిని ఇంటర్‌కూలర్ ద్వారా 55 డిగ్రీలకు చల్లార్చగలిగితే అది సుమారు 1.4 రెట్లు అవుతుంది. కాబట్టి ఇంటర్‌కూలర్ లేకుండా వేసిన టర్బో వలన ఆశించిన ఫలంలో సగమే దక్కుతుంది, వేడి మాత్రం పూర్తిగా మిగులుతుంది.

ఎత్తైన కొండలలో టర్బో ప్రయోజనం నిజమైనది. సముద్రమట్టం నుండి 2,000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత దాదాపు 18 శాతం తగ్గుతుంది. 4,000 మీటర్ల వద్ద మూడవ వంతు తగ్గుతుంది. లడఖ్, స్పితి వంటి ప్రాంతాలలో టర్బో లేని ఇంజను ఎందుకు ఆయాసపడుతుందో దీనిని బట్టి తెలుస్తుంది. కాని దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న మన అరకు వంటి చోట్ల ఈ తరుగుదల 10 శాతానికి లోపే. అక్కడ బండి బాగా నీరసిస్తున్నదంటే కారణం గాలి ఒక్కటే కాకపోవచ్చును.

ముందు మరమ్మతు, తరువాత టర్బో మాట

శక్తి తగ్గిన పాత ఇంజనుకు మొదట చేయించవలసినది పరీక్ష. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, ఇంజెక్టర్లు సరిగా చిమ్మకపోయినా, పంపు టైమింగ్ తప్పినా, ట్యాపెట్లు సరిగా లేకపోయినా బండి లాగదు. రింగులు అరిగితే కంప్రెషన్ పడిపోతుంది. క్లచ్ ప్లేటు జారుతుంటే ఇంజను శక్తి చక్రాలకు చేరదు. కంపెనీ ఇచ్చిన కొలతకంటె పెద్ద టైర్లు వేయించుకొన్నవారికి ఎత్తు ఎక్కేటప్పుడు గేరు బరువుగా ఉన్నట్లు అనిపించడం సహజం. సరియైన కొలత టైర్లు తిరిగి వేస్తే ఆ లోటు చాలవరకు తీరుతుంది. కంప్రెషన్ తగ్గిన ఇంజనుకు టర్బో వేయడమంటే పునాది చూడకుండా మేడ కట్టడమే.

ఇంజను మీద పడే భారం

కర్మాగారంలోనే టర్బోతో తయారయ్యే ఇంజనులో సాధారణంగా పిస్టన్లు, గాస్కెట్లు, ఆయిల్ పంపు, రేడియేటర్ అందుకు తగినట్లుగా రూపొందుతాయి. అనేక ఇంజనులలో పిస్టన్ అడుగుభాగాన్ని చల్లబరచడానికి ఆయిల్ జెట్లు కూడా ఉంటాయి. మహీంద్రా సంస్థ 2010లో విడుదల చేసిన థార్‌లో డి.ఐ. రకపు 2,523 ఘన సెంటీమీటర్ల ఇంజనుకు టర్బోను కర్మాగారంలోనే అమర్చింది. దానికీ, వర్క్‌షాపులో మరొక బండి నుండి తీసి తగిలించిన టర్బోకూ పోలిక లేదు.

ఏర్పాట్లు లేకుండా టర్బో వేసి పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచితే, నిడుపైన ఎత్తుమీద పూర్తి బరువుతో పోయేటప్పుడు పొగ వేడి హద్దు మీరుతుంది. పిస్టన్ పైభాగం కరగడం, హెడ్ గాస్కెట్ కాలడం, హెడ్ పగలడం అప్పుడే జరుగుతాయి. అదనపు శక్తి క్లచ్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, ఇరుసుల మీద కూడా పడుతుంది. పొగ వేడిని చూపే మీటరు, గాలి ఒత్తిడిని చూపే మీటరు లేకుండా టర్బో బండిని నడపడం కళ్ళు మూసుకొని నడపడమే. టర్బో ఇరుసు ఆయిల్ మీదనే తేలుతూ తిరుగుతుంది. కనుక ఆయిల్‌ను సకాలంలో మార్చాలి. ఎత్తు ఎక్కి వచ్చిన వెంటనే ఇంజను ఆపివేయక ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి.

ఆదాయం లెక్క

టర్బో వలన డీజిల్ ఆదా అవుతుందని చెప్పి అమ్మడం జరుగుతుంటుంది. ఒక ఊహా లెక్క చూద్దాం. టర్బో, ఇంటర్‌కూలర్, మీటర్లు, క్లచ్, కూలి అన్నీ కలిపి 90,000 రూపాయలు అయినదనుకొందాం. బండి నెలకు 2,000 కిలోమీటర్లు తిరుగుతూ లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తే నెలకు 200 లీటర్లు ఖర్చు. 5 శాతం ఆదా అయినదనుకొన్నా మిగిలేది 10 లీటర్లు. లీటరు 95 రూపాయల చొప్పున అది 950 రూపాయలు. పెట్టుబడి తిరిగి రావడానికి 95 నెలలు, అనగా దాదాపు ఎనిమిది సంవత్సరాలు పడుతుంది. వడ్డీ కలిపితే ఇంకా ఎక్కువ. ఈలోగా ఒక్కసారి ఇంజను విప్పవలసి వస్తే ఆదా అంతా ఆవిరి అవుతుంది. బండి నిలిచిపోయిన నెలలలో కూడా వాయిదా నిలువదు.

ఎక్కువ బరువు మోసి ఆ ఖర్చు రాబట్టుకోవచ్చుననుకోవడం పొరపాటు. ఆర్.సి.లో నమోదైన మొత్తం బరువు పరిమితి టర్బో వేసినంత మాత్రాన పెరగదు. బ్రేకులు, స్ప్రింగులు, చాసిస్ పాతవే.

చట్టం, బీమా, బ్యాంకు

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్.సి.లోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళకు సంబంధించిన ఒక వ్యాజ్యంలో ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. 2019 సవరణతో చేరిన 182ఎ సెక్షను ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును. కాబట్టి పనికి పూనుకొనక మునుపే రిజిస్టరింగ్ అధికారిని లిఖితపూర్వకంగా అడిగి, జవాబు చేతికి వచ్చిన తరువాతనే అడుగు వేయాలి. అనుమతి రానిచో ఆలోచన విరమించుకోవడమే క్షేమం.

కాలుష్య పరీక్షను కూడా మరువరాదు. భారత్ స్టేజ్ 4కు పూర్వపు డీజిల్ వాహనాలకు పొగ పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు. గాలికి మించి డీజిల్ పోసిన బండి నల్లపొగ కక్కి ఆ పరీక్షలో నిలువదు.

బీమా సంస్థకు తెలియజేయని మార్పు ప్రమాద సమయంలో వివాదానికి దారి తీస్తుంది. సొంత వాహన నష్టానికి పరిహారం నిరాకరింపబడే అవకాశం ఉన్నది. వాహనం బ్యాంకుకు హైపాథికేషన్‌లో ఉంటే ఆ విషయం ఆర్.సి.లో నమోదై ఉంటుంది. ఆ వాహనమే ఋణానికి హామీ. దాని విలువకు, బీమాకు భంగం కలిగించే మార్పు హామీకే భంగం. పరిహారం రాకపోయినా మిగిలిన ఋణం తీర్చవలసిన బాధ్యత ఋణగ్రహీతదే. అందుచేత శాఖాధికారికి ముందుగా తెలిపి లిఖితపూర్వక అంగీకారం పొందడం ఋణగ్రహీతకే రక్షణ.

డీలర్లకు ఒక మాట

పాత జీపులు కొని అమ్మే డీలర్లు టర్బో తగిలించిన బండిని దాచిపెట్టి అమ్మరాదు. ఏ బండి టర్బో, ఎవరు అమర్చారు, అనుమతి పత్రం ఉన్నదా అన్న వివరాలు కొనుగోలుదారుకు చూపాలి. నిజంగా ఎక్కువ శక్తి అవసరమైనవారికి కర్మాగారంలోనే టర్బోతో వచ్చిన వాహనాన్ని, పాతదైనా సరే, మార్పిడి మీద చూపడం ఉత్తమం.

ఋణం తీసికొనేటప్పుడు తిరిగి చెల్లించే శక్తిని ఎలా తూచుకొంటామో, టర్బో వేసేటప్పుడు ఇంజను తట్టుకొనే శక్తిని అలాగే తూచుకోవాలి. కంప్రెషన్ పరీక్ష, అధికారి అనుమతి, బీమా సంస్థ నమోదు, బ్యాంకు అంగీకారం అనే నాలుగు కాగితాలు చేతిలో లేనంతవరకు పాత బండిని మంచి మరమ్మతుతో నడుపుకోవడమే లాభదాయకం.